నల్లమల అడవికోడి మెడ ఈక

ఆళ్లగడ్డ దాటి అహోబిలం కొండల్లోకి వెళ్తే తెల్లవారుజామున పొదల్లోంచి నాలుగు విరుపులతో ఒక కూత వినిపిస్తుంది. ఊరి పుంజులా సాగదీయదు. అది బూడిదరంగు అడవికోడి. నంద్యాల నుంచి గాజులపల్లె మీదుగా దిగువమెట్ట వైపు సాగే నల్లమల అడవి కూడా దాని నివాసమే. 1813లో పక్షి శాస్త్రవేత్త టెమ్మింక్ దానికి గాలస్ సోనెరాటై అని శాస్త్రీయ నామం పెట్టాడు. మన ఊరి కోళ్ల పసుపు కాళ్లకు కారణమైన జన్యువు ఈ జాతి నుంచే వచ్చిందని 2008లో పరిశోధకులు తేల్చారు.

అయితే ఈ పక్షికి ముప్పు తెచ్చింది పుంజు మెడ ఈక. మామూలు ఈకలో నడిమి ఈనెకు రెండు వైపులా సన్నని పాయలు ఉంటాయి. ఈ ఈక కొసన అవి విడివిడిగా కనిపించవు. అక్కడ కెరటిన్ చదునుగా పరుచుకుని, మైనం పూసినట్టు మెరిసే పసుపు పలక అవుతుంది. వేలితో తడిమితే గోరులా గట్టిగా తగులుతుంది.

ఈ పలకకు గిరాకీ తెచ్చింది ఎక్కడో జరిగే చేపల వేట. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదిలోకి ఎక్కే అట్లాంటిక్ సాల్మన్ చేప దాదాపు ఏమీ తినదు. ఆకలి లేని చేపను రప్పించాలంటే ఎర దాని చూపును పట్టి లాగాలి. అందుకే బ్రిటన్ జాలర్లు గాలపు ముల్లుకు పట్టుదారం, జరీ, రకరకాల ఈకలు చుట్టి కృత్రిమ ఈగలు కట్టేవారు. ప్రసిద్ధమైన జాక్ స్కాట్ ఈగకు రెండు చెంపలా ఈ పలకనే అమరుస్తారు. నీటిలో అది చిన్న చేప కన్నులా కనిపిస్తుందని వారి నమ్మకం.

సంతాన కాలం ముగిశాక, వానల్లో, పుంజు ఈ ఈకలను తానే రాల్చుకుంటుంది. వాటి చోట పలకలు లేని పొట్టి నల్లటి ఈకలు వస్తాయి. మరి రాలినవి ఏరుకుంటే సరిపోదా? సరిపోదు. ఒక్కో సైజు ముల్లుకు ఒక్కో సైజు పలక కావాలి. చిన్నవీ పెద్దవీ వరుసగా దొరికేది మెడ తోలు మొత్తం ఒలిచినప్పుడే. అంటే పుంజు చావాలి, అదీ పలకలు నిండుగా ఉండే సంతాన కాలంలోనే. ఒక ఈగ చెంపకు ఇంత మూల్యం చెల్లించడం నా దృష్టిలో ఘోరం.

అడవి పక్షుల ఈకల ఎగుమతిని 1902లోనే ప్రభుత్వం నిషేధించినా ఈ తోళ్లు చాలాకాలం దేశం దాటుతూనే వచ్చాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటనూ నేరం చేసింది. ఇప్పుడు బ్రిటన్‌లో ఇదే జాతిని పెంచి, ఆ పెంపకపు పుంజుల తోళ్లనే అమ్ముతున్నారు. పలకను పోలిన ప్లాస్టిక్ ముక్కలు కూడా వచ్చాయి.