మళ్లీ పేరడిగారని విసుక్కోకండి

పొద్దున ఎనిమిది గంటలు. మందుల ట్రాలీ తోసుకుంటూ వచ్చిన సిస్టర్ మంచం పక్కన ఆగి, "అమ్మా, మీ పేరు చెప్పండి" అంటుంది. పక్కనే ఉన్న కొడుక్కి చిరాకేస్తుంది. "నిన్నట్నుంచీ మీరే కదా సిస్టర్ చూస్తున్నారు, ఇంకా పేరు తెలీదా?"

తెలుసు. చేతిలోని కేస్ షీటు మీద కూడా ఉంది. అయినా ఆ పేరు పేషెంటు నోటితోనే వినాలి, తర్వాత చేతికి కట్టిన బ్యాండు మీది పేరూ నంబరూ కేస్ షీటుతో పోల్చుకోవాలి. "మీరు లక్ష్మిగారే కదా?" అని అడిగితే లాభం లేదు. మగతలో ఉన్నవాళ్లూ, చెవులు సరిగ్గా వినపడనివాళ్లూ దేనికైనా "ఊఁ" అనేస్తారు. పైగా మన వార్డుల్లో ఒకే రోజు ఇద్దరు లక్ష్ములు, ముగ్గురు వెంకటేశ్వర్లు ఉండటం వింతేమీ కాదు. ఇంటిపేరు, నంబరు కలిస్తేనే మనిషి ఖాయం.

నర్సింగ్ చదువులో మందుల పాఠం ఇక్కడే మొదలవుతుంది. సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన సమయం: ఈ ఐదూ చూసుకోకుండా మందు ఇవ్వకూడదు. లేబుల్ మూడుసార్లు చదవాలి. అరలోంచి తీసేటప్పుడు ఒకసారి, సిద్ధం చేసేటప్పుడు ఒకసారి, ఇచ్చే ముందు ఇంకోసారి. ఇచ్చిన వెంటనే కేస్ షీటులో రాయాలి. రాయకపోతే తర్వాత డ్యూటీకి వచ్చే సిస్టర్ అదే మోతాదు మళ్లీ ఇచ్చే ప్రమాదం ఉంది.

వినడానికి తేలికే. ఎంత జాగ్రత్త కావాలో తెలియాలంటే అందరికీ పరిచయమున్న ఇన్సులిన్‌నే చూడండి. మన దేశంలో ఇది రెండు బలాల్లో దొరుకుతుంది. సాధారణంగా వయల్స్‌లో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి, పెన్నుల్లో వాడే కార్ట్రిడ్జ్‌లలో 100. సిరంజిలూ రెండు రకాలు. 40 బలానికి ఎర్ర మూత, 100 బలానికి నారింజ మూత. డాక్టరు 20 యూనిట్లు రాశారనుకుందాం. 40 బలం మందును పొరపాటున నారింజ మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 8 యూనిట్లే, షుగరు దిగదు. అదే 100 బలం మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఏకంగా 50 యూనిట్లు వెళ్తాయి. చెమటలు, వణుకు, తికమక మాటలు, చివరికి స్పృహ తప్పడం. మందు సరైనదే, మనిషీ సరైన మనిషే. తప్పింది సిరంజి ఒక్కటే.

అందుకే చాలా ఆసుపత్రుల్లో ఇన్సులిన్‌ను ఒక సిస్టర్ సిరంజిలోకి తీస్తే ఇంకో సిస్టర్ చూసి సరే అనాలి. భోజనం ముందు ఇచ్చేదైతే పళ్లెం వస్తోందో లేదో కనుక్కుంటారు. ఇంజెక్షన్ చేశాక అన్నం ఆలస్యమైతే షుగరు పడిపోతుంది. అది 70 కంటే తగ్గితే, స్పృహలో ఉండి మింగగలిగినవాళ్లకు 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షిస్తారు.

కొన్ని పొరపాట్లు చేతిరాతలోనే పుడతాయి. 10 పక్కన యూనిట్లకు గుర్తుగా ఇంగ్లీషు 'యూ' అక్షరం రాస్తే, హడావిడిలో అది సున్నాలా కనిపించి 10 కాస్తా 100 అవుతుంది. 5.0 అని రాస్తే చుక్క మసకబారి 50 అవుతుంది. అందుకే 'యూనిట్లు' అని పూర్తిగా రాయాలి, 5 అంటే ఉత్త 5 అనే రాయాలి, అర మిల్లీగ్రామైతే చుక్క ముందు సున్నా తప్పకుండా పెట్టాలి. రాత అర్థం కాకపోతే ఊహించకూడదు, డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కోవాలి. అలా ఫోన్ చేసే సిస్టర్‌ని పని రానిదనుకోవద్దు, పని తెలిసింది కనకనే ఆగింది.

సీసా రూపం కూడా మోసం చేస్తుంది. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్ చూడటానికి డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్‌లాగే ఉంటుంది. సెలైన్‌లో బాగా కలిపి, నెమ్మదిగా ఎక్కించాల్సిన మందది. నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది. అందుకే దాన్ని మామూలు మందుల మధ్య కాక, హెచ్చరిక అంటించి విడిగా పెడతారు. మాత్రలకూ ఇలాంటి పట్టింపులున్నాయి. ముక్కులో గొట్టం ఉన్నవాళ్లకు మాత్ర పొడిచేసి ఇవ్వడం మామూలే కానీ, రోజంతా కొద్దికొద్దిగా కరిగేలా చేసిన మాత్రను నలగ్గొడితే రోజు మొత్తం మోతాదూ ఒక్కసారే ఒంట్లోకి చేరుతుంది.

మందుల పొరపాట్లు ఎవరో ఒకరి అజాగ్రత్త మాత్రమే కాదనీ, పని జరిగే పద్ధతినే సరిదిద్దాలనీ 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. నివారించగల తీవ్రమైన హానిని ఐదేళ్లలో సగానికి తగ్గించడం దాని లక్ష్యం. ఆ పద్ధతిలో రోగికీ, ఇంటివాళ్లకూ చోటుంది. సిస్టర్ మందులు తీస్తున్నప్పుడు మాటల్లో పెట్టకపోవడం మన వంతు. గతంలో ఏ మందైనా పడక దద్దుర్లొచ్చాయా అన్నది అడగకముందే చెప్పడమూ మన వంతే.

ఇంటికొచ్చాక ట్రాలీ ఉండదు, రెండో సిస్టర్ ఉండదు. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. వారంలో ఏ రోజున వేసుకోవాలో చీటీ మీద రాయించుకోవాలి.

కాబట్టి డిశ్చార్జి రోజున ఆ కొడుకు చేయాల్సింది ఒకటుంది. వారం రోజులుగా పేరడుగుతూ వచ్చిన సిస్టర్‌ని ఈసారి తనే అడగాలి. "అమ్మకి ఇన్సులిన్ ఎంత బలంది సిస్టర్? సిరంజి మూత ఏ రంగుది కొనాలి?" ఆమె విసుక్కోదు.