యువత పలుకుబడి – పెద్దల అవగాహన

మానవుల మధ్య భావ వినిమయానికి భాష ప్రధాన సాధనం. అయితే ఒకే ఇంట్లో నివసిస్తూ, ఒకే మాతృభాష మాట్లాడే తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య కూడ ఒక్కొక్కప్పుడు ఈ వినిమయం కుంటుపడుతుంది. కళాశాల నుంచి వచ్చిన కుమారుడు ‘ఈ రోజు పేపరు కేక’ అంటే, పరీక్ష బాగా వ్రాశాడో, కేకలు పెట్టవలసినంత కష్టంగా ఉన్నదో తండ్రికి బోధపడదు. ‘ఆ సంగతి లైట్ తీసుకో అమ్మా’ అని కుమార్తె అంటే, అది ధైర్యమో, నిర్లక్ష్యమో, మాట దాటవేయడమో తల్లికి తెలియదు.

యువతీయువకులు తమలో తాము వాడుకొనే ఇటువంటి పదజాలాన్ని ఆంగ్లంలో ‘స్లాంగ్’ అంటారు. ఈ వ్యాసంలో దానిని ‘యువత పలుకుబడి’ అని వ్యవహరిద్దాం. అది ఎందుకు పుడుతుంది, ఎట్లా రూపొందుతుంది, దాని విషయంలో పెద్దల కర్తవ్యమేమిటి, యువత కర్తవ్యమేమిటి అనే అంశాలను పరిశీలిద్దాం.

స్వరూపం – కారణాలు

ప్రాంతాన్నిబట్టి మారే భాషారూపం ప్రాంతీయ మాండలికం. వృత్తినిబట్టి ఏర్పడేది వృత్తి పదజాలం. తెలుగు రైతులు వాడే వ్యవసాయ పదాలను సేకరించి ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి కూర్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లో వెలువడింది. అటువంటి కోశాలలోని మాటలు పని జరగడానికి అవసరమైనవి. నాగలిలోని ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క పేరు లేకపోతే రైతుకూ వడ్రంగికీ పని సాగదు. యువత పలుకుబడి అటువంటి అవసరం నుంచి పుట్టినది కాదు. ‘బాగుంది’ అనే మాట ఉండగానే ‘కేక’, ‘కత్తి’, ‘అదుర్స్’, ‘కిరాక్’ అనే మాటలు వచ్చాయి. భాషలోని లోటును పూరించడం కంటె, మాట్లాడే వ్యక్తి ఏ బృందానికి చెందినవాడో తెలపడమే వాటి ముఖ్య ప్రయోజనం.

ఈ బృందభావనే యువత పలుకుబడికి మొదటి కారణం. బాల్యాన్ని వీడి, ఇంకా పెద్దల లోకంలో ప్రవేశించని వయస్సులో తోటివారి ఆమోదం ఎంతో విలువైనదిగా తోస్తుంది. తోటివారి మాటను తానూ పలకడం ఆ జట్టులో స్థానం పొందడమే.

రెండవ కారణం గోప్యత. ప్రతి అక్షరానికి ముందు ‘క’ చేర్చి మాట్లాడే ‘క భాష’ నేటి పెద్దలలో చాలామందికి బాల్యంలో పరిచయమైనదే. ‘నువ్వు రా’ అనడానికి బదులు ‘కనుకవ్వు కరా’ అని పిల్లలు గబగబా పలుకుతుంటే, ప్రక్కనున్నవారు తెల్లబోయేవారు. పెద్దల చెవిన పడినా అర్థం కాని మాట కావాలనే కోరిక ఏ తరానికీ కొత్తది కాదు.

మూడవది నవ్యత. ఎక్కువగా వాడిన మాట అరిగిపోతుంది. పెద్దలు కూడ వాడడం మొదలుపెడితే దాని ఆకర్షణ మరింత తగ్గుతుంది. అప్పుడు యువత మరొక మాటను వెదుక్కొంటుంది. అందుచేతనే ఈ పదాలలో అధికభాగం అల్పాయుష్కాలు.

నిర్మాణ రీతులు

యువత పలుకుబడి భాషను పాడుచేస్తున్నదని కొందరు భావిస్తారు. కాని దాని నిర్మాణాన్ని గమనిస్తే, భాషలో అనాదిగా జరుగుతున్న మార్పులే అక్కడా కనిపిస్తాయి. పదాల అర్థం కాలక్రమంలో మారడాన్ని అర్థవిపరిణామం అంటారు. ‘నూనె’ అంటే మొదట నువ్వుల నుంచి తీసినది మాత్రమే. నేడు కొబ్బరినూనె, వేరుశనగనూనె అంటున్నాం. ఇది అర్థవ్యాకోచం. ‘చీర’ అంటే ఒకప్పుడు వస్త్రమని సామాన్యార్థం. నేడు అది స్త్రీలు కట్టుకొనే వస్త్రం మాత్రమే. ఇది అర్థసంకోచం. ఏ వాసననైనా తెలిపిన ‘కంపు’ అనే మాటకు నేడు దుర్వాసన అనే అర్థమే మిగిలింది.

ఇదే ప్రక్రియ యువత నోట వేగంగా జరుగుతుంది. ఊరివారు కూడి న్యాయాన్యాయాలు విచారించుకొనే చోటు ‘రచ్చ’. ‘రచ్చబండ’ అనే మాటలో ఆ అర్థం నేటికీ నిలిచి ఉన్నది. యువకుల వాడుకలో ‘రచ్చ’ అంటే సందడి, హంగామా. ఉర్దూలో ‘బకరా’ అంటే మేక. యువత పలుకుబడిలో మోసపోయిన అమాయకుడు. తేలిక అనే అర్థం గల ఆంగ్లపదం ‘లైట్’కు ‘తీసుకో’ చేరి, ‘పట్టించుకోవద్దు’ అనే తెలుగు నుడికారం ఏర్పడింది.

పదాన్ని కుదించడం మరొక పద్ధతి. ‘సప్లిమెంటరీ’ పరీక్ష విద్యార్థుల నోట ‘సప్లీ’ అయింది. ఆంగ్లంలో ‘కరిజ్మా’ అనే మాట మధ్యభాగం నుంచి పుట్టినదని భావించే ‘రిజ్’ అనే పదాన్ని, ఎదుటివారిని ఆకర్షించే నేర్పు అనే అర్థంలో, ఆక్స్‌ఫర్డ్ ప్రచురణ సంస్థ 2023 సంవత్సరపు పదంగా ప్రకటించింది.

బంధువాచకాల వాడుక మరింత ఆసక్తికరం. తోటి విద్యార్థిని ‘మామా’ అనీ, ‘బావా’ అనీ పిలవడం నేడు సర్వసాధారణం. తెలంగాణలో తండ్రి తమ్ముణ్ణి పిలిచే ‘కాకా’ అనే పిలుపు స్నేహితుల మధ్యకూ వచ్చింది. ఇది మర్యాద తప్పడమేనని పెద్దలు నొచ్చుకొంటారు. కాని మన పల్లెలలో రక్తసంబంధం లేనివారు సైతం వరసలు కలిపి పిలుచుకోవడం చిరకాలంగా ఉన్న ఆచారమే. పరాయివానిని బంధువుగా చేసుకొనే ఆ సంస్కారమే కళాశాల ఆవరణలో కొత్త రూపం ధరించింది.

సెల్‌ఫోన్ రాకతో వ్రాతలోనూ మార్పు వచ్చింది. ఒక సంక్షిప్త సందేశంలో ఆంగ్లలిపిలో 160 అక్షరాలు పట్టగా, తెలుగు లిపిలో 70 సంకేతాలకే అవకాశం ఉండేది. అందువల్ల మాటలను కుదించడం, తెలుగును ఆంగ్లలిపిలో వ్రాయడం అలవాటైంది. నేటి సందేశ సాధనాలలో ఆ ఇబ్బంది లేకపోయినా అలవాటు మిగిలింది. దానికి బొమ్మల భాష తోడైంది. కుమారుడు పంపిన పుర్రె బొమ్మను చూసి తల్లి కలవరపడవచ్చు. కాని యువత దృష్టిలో తరచుగా దాని అర్థం ‘నవ్వలేక చచ్చాను’ అని మాత్రమే. చిన్న సందేశం చివర పెట్టిన పూర్ణవిరామం కూడ కొందరు యువకులకు కోపసూచకంగా తోస్తుంది. వ్యాకరణం తెలిసిన తండ్రికి ఆ సంగతి ఊహకైనా రాదు.

పెద్దలూ ఒకప్పటి యువకులే

విసుగు పుట్టించే ప్రసంగాన్ని ‘సుత్తి’ అనడం నేటి పెద్దలకు సహజంగా తోస్తుంది. జంధ్యాల దర్శకత్వంలో 1982లో వచ్చిన ‘నాలుగు స్తంభాలాట’ చిత్రం ఈ మాటకు విశేష ప్రచారం కల్పించింది. అందులో నటించిన వీరభద్రరావు, వేలు గార్లకు అది ఇంటిపేరు వలె స్థిరపడింది. నాటి యువత ఆ మాటను సరదాగా వాడుకొన్నది. నేడు అదే మాటను వారు తమ పిల్లల ముందు ఏ సంకోచమూ లేకుండా పలుకుతున్నారు.

ఆశ్చర్యాన్ని తెలిపే ‘ఓఎమ్‌జీ’ అనే ఆంగ్ల సంక్షిప్తం నేటి పిల్లల సృష్టి అని చాలామంది తలుస్తారు. 1917లో బ్రిటిష్ నౌకాసేనాని జాన్ ఫిషర్ విన్‌స్టన్ చర్చిల్‌కు వ్రాసిన లేఖలోనే అది ఉన్నది. అప్పుడు ఫిషర్ వయస్సు 76 సంవత్సరాలు!

అర్థం తెలియని మాట రెండు రకాల పొరపాట్లకు దారితీస్తుంది. ఒకటి అకారణమైన భయం. రెండవది అకారణమైన మురిపెం. రెండవదానికి గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకంలో చక్కని ఉదాహరణ ఉన్నది. ఈ నాటకం తొలికూర్పు 1897లోనూ, మారిన రూపం 1909లోనూ ప్రచురితమయ్యాయి. తల్లి వెంకమ్మ కోరికపై వెంకటేశం, అతని గురువు గిరీశం ఇంగ్లీషులో మాట్లాడి చూపుతారు. వారి మాటలలో పొందిక లేకపోయినా, ఆ తల్లి కొడుకు చదువును చూసి మురిసిపోతుంది.

తెలిసిందనుకొని పొరబడడం మరొక రకం. ‘ఎల్‌ఓఎల్’ అంటే ‘బిగ్గరగా నవ్వుతున్నాను’ అని యువత వాడుక. బ్రిటన్ ప్రధానిగా ఉన్న డేవిడ్ కామెరాన్ దానికి ‘ఎంతో ప్రేమతో’ అని అర్థం చెప్పుకొని తన సందేశాల చివర వాడేవారని, పత్రికారంగ ప్రముఖురాలు రెబెకా బ్రూక్స్ 2012లో లెవెసన్ విచారణలో వెల్లడించారు. దేశాధినేతకైనా అడిగితేనే మాట తెలుస్తుంది.

పెద్దల కర్తవ్యం

పిల్లల నోట కొత్త మాట వినగానే కోపగించడం కంటె, ‘ఈ మాటకు అర్థమేమిటి?’ అని ఆసక్తితో అడగడం మేలు. ఆ ప్రశ్నలో నిఘా ధ్వనిస్తే పిల్లలు ముడుచుకొని పోతారు. కుతూహలం ధ్వనిస్తే ఉత్సాహంగా చెబుతారు. అర్థం తెలుసుకోవడం వేరు, అనుకరించడం వేరు. తండ్రి కూడ ‘మామా’ అని పిలవాలని ఏ కుమారుడూ కోరుకోడు.

పదంతో పాటు స్వరాన్నీ సందర్భాన్నీ గమనించడం అంతకంటె ముఖ్యం. ‘నాకంత సీన్ లేదు’ అనే మాట నవ్వుతూ అన్నప్పుడు వినయం. పరీక్షల ముందు వసతిగృహం నుంచి ఫోనులో పదే పదే, నీరసమైన గొంతుతో అన్నప్పుడు అది ఆత్మవిశ్వాసం సడలుతున్నదనే సూచన కావచ్చు. పైకి వేళాకోళంగా కనిపించే మాట చాటున బాధ దాగి ఉండవచ్చు. కేవలం మాట తీరును తప్పుపట్టే తల్లిదండ్రులు ఆ బాధను వినలేరు.

అట్లాగని ప్రతి మాటనూ అంగీకరించనవసరం లేదు. కులాన్ని, శరీర వర్ణాన్ని, అంగవైకల్యాన్ని, స్త్రీత్వాన్ని కించపరిచే మాటలు ‘సరదా’ అనే ముసుగులో వస్తే, వాటిని నిష్కర్షగా వారించాలి. అటువంటి మాట జట్టులో ఒకరిని నవ్విస్తే మరొకరిని గాయపరుస్తుంది.

యువత కర్తవ్యం

భాషను సందర్భోచితంగా వాడగలగడమే నిజమైన భాషా నైపుణ్యం. స్నేహితుల మధ్య చెల్లిన మాట సమాధాన పత్రంలో చెల్లదు. ఉద్యోగ దరఖాస్తులో నవ్వులపాలు చేస్తుంది. ఒకే పలుకుబడికి అలవాటుపడి, అన్ని రకాల మెప్పునూ ‘కేక’ అనే ఒక్క మాటతో సరిపెడితే, సొగసు, హృద్యం, మనోజ్ఞం, అద్భుతం వంటి మాటల మధ్యనున్న తేడాలు మనకు దూరమవుతాయి.

ఇంట్లో రెండు భాషలు తెలిసినవారు పిల్లలే. పెద్దల భాషా, జట్టు భాషా వారికి వస్తాయి. కనుక అనువాదకుని పాత్ర వారిదే. తల్లి అర్థం అడిగినప్పుడు ‘నీకు తెలియదులే’ అని త్రోసిపుచ్చకుండా వివరించడం ఆమెను తమ లోకంలోకి ఆహ్వానించడమే. అట్లాగే నాయనమ్మ నోట వినిపించే పాత సామెతకు అర్థం అడిగి తెలుసుకోవడం ఆమె లోకంలోకి అడుగు పెట్టడమే.

నేటి కొత్త మాటలలో కొన్ని నిఘంటువులకు ఎక్కవచ్చు. ఎక్కువభాగం మరుగున పడవచ్చు. వాటిని పలికిన వయస్సులో తమ మాట ఇంట్లో ఎవరైనా ఓపికగా విన్నారా లేదా అన్నది మాత్రం పిల్లల మనస్సులో చిరకాలం నిలిచిపోతుంది. కనుక పెద్దలు అడగడానికీ, పిల్లలు వివరించడానికీ సంకోచించరాదు.