తలుపు తెరిచేదాకా ప్రయాణమే

ఫ్రాంక్‌ఫర్ట్‌లో నా దగ్గరికొచ్చిన అమ్మ, లండన్‌లో ఉన్న తమ్ముణ్ని చూసి రావడానికి తీసిన టికెట్ పట్టుకుని నన్ను నిలదీసింది. "వెళ్లడానికి నలభై నిమిషాలు, రావడానికి రెండు గంటల నలభై నిమిషాలా? ఇదేం లెక్కరా? వచ్చే విమానం ఊరూరా ఆగుతుందా?"

ఆగదు. లండన్ గడియారం మాకంటే గంట వెనక నడుస్తుంది. టికెట్ మీద ఏ ఊరి టైము ఆ ఊరికే వేస్తారు. ఇక్కడ తొమ్మిదింటికి బయల్దేరి అక్కడి తొమ్మిదీ నలభైకి చేరితే, గడిచింది గంటా నలభై నిమిషాలు. వచ్చేటప్పుడూ అంతే.

ఆ గంటా నలభై కూడా పూర్తిగా గాల్లో గడిచేది కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హీత్రూకి సుమారు 655 కిలోమీటర్లు. గుండ్రటి భూమి మీద రెండు విమానాశ్రయాలను కలిపే అతి దగ్గరి దారి పొడవది. ఎయిర్‌బస్ ఏ320 పైకెళ్లి నిలదొక్కుకున్నాక గంటకు 830 కిలోమీటర్ల దాకా పోతుంది. ఆ వేగంతోనే పోతే యాభై నిమిషాలు కూడా పట్టదు. కానీ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ వేగం ఉండదు, దారీ తిన్నగా ఉండదు. లండన్ వైపు వెళ్తుంటే పడమటి గాలి తరచూ ఎదురుకొడుతుంది. హీత్రూకి ఉన్నవి రెండే రన్‌వేలు. రద్దీ వేళల్లో వంతు వచ్చేదాకా విమానాలు నగరం చుట్టుపక్కల ఆకాశంలో చక్కర్లు కొడుతుంటాయి.

మా ఊరి తంటా నేల మీద. 2011లో తెరిచిన వాయవ్య రన్‌వే మీద దిగితే, ఏ3 మోటర్‌వే మీదుగా కట్టిన వంతెన దాటి టెర్మినల్‌కి రావాలి. కింద కార్లు దూసుకుపోతుంటాయి, పైన మనం బండిలా దొర్లుతుంటాం. అంత ఖరీదైన యంత్రంలో కూర్చుని కార్లకు దారిస్తున్నట్టు ఉండే ఆ కాసేపూ నాకు భలే నవ్వొస్తుంది. టికెట్ మీది సమయంలో ఈ దొర్లుడంతా కలిసే ఉంటుంది. విమానం నిలిపిన చోటు నుంచి కదిలింది మొదలు, అవతల నిలిపే చోటికి చేరేదాకా లెక్క.

మరి 'చేరడం' అంటే ఏ క్షణం? దీని మీద యూరప్‌లో కోర్టుకే వెళ్లారు. 2012 మేలో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నుంచి జర్మనీలోని కొలోన్-బాన్‌కి వెళ్లిన జర్మన్‌వింగ్స్ విమానం ఆలస్యమైంది. ఆ రెండింటి మధ్య దూరం 545 కిలోమీటర్ల చిల్లర. చక్రాలు నేలను తాకేసరికి ఆలస్యం 2 గంటల 58 నిమిషాలు. నిలిపే చోటికి వచ్చేసరికి 3 గంటల 3 నిమిషాలు. ఆలస్యం మూడు గంటలకు చేరితే, 1500 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి 250 యూరోల పరిహారం రావాలి. ఆ అయిదు నిమిషాల దగ్గరే పేచీ. కనీసం ఒక తలుపైనా తెరుచుకుని, ప్రయాణికులు దిగడానికి వీలైనప్పుడే చేరినట్టని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2014లో తేల్చింది. సీట్లో కట్టేసినట్టు కూర్చున్న మనిషి ఊరు చేరాడని ఎలా అంటాం? నా మటుకు నాకు అది సరైన తీర్పే.

యూరప్‌లో మీ విమానం ఆలస్యమైతే, తలుపు తెరిచిన టైము రాసిపెట్టుకోండి.