కొండకోనల్లో కొత్త పంపకము

శృంగవరపుకోట దాటి అనంతగిరి కొండదారి పట్టినవారికి ఒక అనుభవం పరిచితమే. మలుపు మలుపుకూ గాలి చల్లబడుతుంది. చేతిలోని ఫోనులో సిగ్నలు గీతలు ఒక్కొక్కటిగా సన్నగిల్లుతవి. కాఫీతోటల నీడలోనికి వచ్చేసరికి కొన్నిచోట్ల ఒక్క గీతయైనా మిగలదు. పట్నవాసి ఆ క్షణాన తాను లోకానికి దూరమైనట్లు తలపోస్తాడు. అయితే లోయలోని సంతలో నాకు వేరొక దృశ్యం కనిపించినది. అల్లపు బస్తాల ప్రక్కన ఇద్దరు యువకులు తమ ఫోనులను జానెడు దూరంలో పెట్టుకొని, ఒకరి పాటను ఇంకొకరికి అందించుకొంటున్నారు. సిగ్నలు లేదు, తీగ లేదు, ఖర్చు లేదు. పాట మాత్రం చేరినది.

దీనినే ఈనాటి పరిభాషలో ఫైలు పంపకమంటారు. వ్రాతగాని, పాటగాని, పటముగాని అంకెల రూపంలో కట్టిన మూట ఫైలు. దానిని ఒకరికి ఇచ్చినా ఇచ్చినవాని వద్ద తరుగదు. విద్యాధనాన్ని గురించి మన పెద్దలు చెప్పినదీ ఈ లక్షణమే గదా! తాళపత్రాల కాలంలో ఒక గ్రంథాన్ని ఇంకొకరికి ఇవ్వడమంటే ఆకు ఆకూ తిరిగి గంటముతో వ్రాయించడమే. 19వ శతాబ్దిలో సి. పి. బ్రౌను పండితులకు జీతాలిచ్చి ప్రతులు వ్రాయించకపోతే మన కావ్యాలు ఎన్ని చెదల పాలయ్యేవో ఊహించుకొనవచ్చును. పెద్ద గ్రంథమైతే కట్ట విప్పి, తలా కొన్ని ఆకులు పంచి, పలువురు లేఖకులచేత ఏకకాలంలో వ్రాయించుట సులభోపాయము. 2001లో బ్రామ్ కోహెన్ అనే అమెరికా యువకుడు రూపొందించిన బిట్‌టొరెంట్ అనే పద్ధతిలోని కిటుకు కూడా ఇటువంటిదే. ఫైలును ముక్కలు చేస్తారు. ఏ ముక్క ఎవరివద్ద ఉంటే వారు దానిని ఇతరులకు అందిస్తూ, తమకు లేని ముక్కలను పుచ్చుకొంటారు. లక్షలాది గ్రంథాలను భద్రపరచిన ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ 2012 నుండి తన ఫైళ్ళను ఈ పద్ధతిలో కూడా అందిస్తున్నది.

కొండమీద పరిస్థితి వేరు. అక్కడ కావలసినది ఖండాంతరాలకు పోయే మార్గం కాదు. ఈ గుడిసెనుండి ఆ గుడిసెకు పోయే మార్గం. కొన్నేళ్ళ క్రిందట సంతలోని సెల్లు దుకాణాలవారు మెమరీ కార్డులో పాటలు ఎక్కించి ఇచ్చేవారు. తరువాత షేరిట్, జెండర్ వంటి యాప్‌లు వచ్చి ఇంటర్నెట్టుతో పనిలేకుండనే ఫోనునుండి ఫోనుకు పంపే సౌకర్యం కల్పించినవి. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించినప్పుడు ఈ రెండూ ఆ జాబితాలో చేరినవి. అదే సంవత్సరం ఆగస్టులో గూగుల్ సంస్థ నియర్‌బై షేర్ అనే సదుపాయాన్ని ఆండ్రాయిడ్ ఫోనులలోనే చేర్చినది. 2024 జనవరిలో దానిని శామ్‌సంగ్ వారి సదుపాయంతో కలిపి క్విక్ షేర్ అని పేరు మార్చినారు. దగ్గరనున్న ఫోనును బ్లూటూత్ కనిపెడుతుంది. బరువైన మూటను వైఫై మోస్తుంది. మూడు నిమిషాల పాట సుమారు 3 మెగాబైట్లు. అది చేరడానికి రెప్పపాటు చాలును.

మార్గం ఏర్పడినది. ఆ మార్గాన ఏమి నడవవలెను? ఉపాధ్యాయులకు నేను చేసే విన్నపము ఇక్కడే ఆరంభమవుతున్నది.

ఈ తూర్పు కనుమలు భాషల గని. అరకు ప్రాంతంలో ఆదివాసీ ఒడియా, కువి, కొండ, గదబ మొదలైన భాషలు వినిపిస్తవి. ఉత్తరాన సవరభాష కలదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉండిన గిడుగు వేంకటరామమూర్తి పంతులుగారు ఆ భాషను నేర్చి, సవర బాలలకోసం బడులు పెట్టి, 1931లో సవరభాషా బోధినిని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించినారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు కొండభాషను పరిశోధించి 1969లో దాని వ్యాకరణాన్ని ప్రకటించినారు. బరో, ఎమెనో పండితుల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు, 1984 నాటి రెండవ కూర్పు, ఇప్పుడు ఇంటర్నెట్టులో ఉచితంగా లభిస్తున్నది. అందులో మన తెలుగు మాట ప్రక్కనే దాని కొండ, కువి, గదబ సోదరులు కూర్చుండి ఉండుట చూచి పొంగని భాషాభిమాని ఉండడు.

విచారకరమైన విషయమేమనగా, ఏ కొండబిడ్డల నోటిమాటలతో ఆ గ్రంథాలు నిండినవో ఆ బిడ్డలు చదివే బడులకే అవి చేరలేదు. 2003–04 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియా సహా ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక బోధనకు పూనుకొని, తెలుగు లిపిలోనే వాచకాలు సిద్ధం చేయించినది. అచ్చుపుస్తకం చిరుగుతుంది, వానకు తడుస్తుంది. అదే పాఠం ఫైలుగా ఉంటే ఒక ఉపాధ్యాయుని ఫోనునుండి పది గ్రామాలకు నడచిపోగలదు.

ఫైలు చేరినంత మాత్రాన చదువగలమా? అక్షరాలకు ఒక లోకసమ్మతమైన సంఖ్య ఉండవలెను. లేనినాడు పంపినవాని అక్షరాలు పుచ్చుకొన్నవానికి ఖాళీ గడులుగా కనిపిస్తవి. డి.టి.పి.లో కూర్చిన తెలుగు ఫైలు ఇంకొక కంప్యూటరులో తెరచినప్పుడు పిచ్చిగీతలుగా మారుట మనమందరం చూచినదే. యూనికోడ్ ఆ బాధను తీర్చినది. తెలుగుకు 1991 నాటి తొలి కూర్పులోనే స్థానం దొరికినది. సవరలకు 1936లో మాంగెయి గొమాంగో కల్పించిన సొరాంగ్ సొంపెంగ్ లిపికి మాత్రం 2012 వరకు ఎదురుచూపులు తప్పలేదు.

ఇక నా తప్పిదమొకటి చెప్పుకొనవలెను. మా కళాశాలలో చదివిన ఒక కొండప్రాంతపు విద్యార్థిచేత, వారి అమ్మమ్మ పాడిన నాటుపాటనొకదానిని ఫోనులో పట్టించినాను. ఆ స్వరం విని ముగ్ధుడనై, ముందు వెనుకలు చూడక, మిత్రబృందానికి పంపినాను. ఏడాది తిరుగకముందే ఆ పాట నా ఫోనుకే మరలి వచ్చినది. దానికి క్రొత్తగా వాద్యాలు తగిలించినారు. ప్రారంభంలో ఎవరిదో పేరు పెట్టినారు. ఆ విద్యార్థికి చూపించగా అతడు చాలాసేపు మౌనంగా విన్నాడు. అటు తరువాత, “మేష్టారూ! పాట మా అమ్మమ్మదేనండి. మరి మా అమ్మమ్మ పేరు ఏమైందండి?” అని అడిగినాడు. ముప్పది సంవత్సరాలు పాఠం చెప్పిన నాకు ఆ ప్రశ్నకు సమాధానం దొరకలేదు.

చట్టాన్ని తిరుగవేసినాను. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణానంతరం 60 సంవత్సరాలు హక్కు ఉంటుంది. గిడుగువారు 1940లో పరమపదించినారు గనుక, 2001 నుండి వారి గ్రంథాలు సర్వజనుల సొత్తు, నిరభ్యంతరంగా పంచుకొనవచ్చును. తరతరాల జానపద గేయానికి ఏకైక కర్త లేడు. కాబట్టి ఆ చట్టంలో దానికి సరియైన గూడు దొరకదు. అయితే 1994 సవరణ ప్రదర్శకులకు ప్రత్యేక హక్కు కల్పించినది. ఇప్పుడు దాని కాలపరిమితి 50 సంవత్సరాలు. నటుడు, గాయకుడు, నర్తకుడు మాత్రమే కాదు, గారడీవాడు, పాములవాడు, ఉపన్యాసం చెప్పేవాడు కూడా ఆ నిర్వచనంలో ఉన్నారు. థింసా ఆడే స్త్రీకీ, పాఠం చెప్పే నాకూ చట్టం ఒకే పంక్తిలో పీట వేసినది. ఆ పంక్తిలో నా పీట మాత్రమే ఎరిగి, ఆమె పీటను మరచుట ఎంతటి అవివేకము!

పెద్ద సంస్థలకూ ఈ ప్రశ్న తప్పలేదు. 2025 జులైలో వియ్‌ట్రాన్స్‌ఫర్ అనే ఫైళ్ళ పంపక సంస్థ తన నిబంధనలు మార్చినప్పుడు, వాడుకదారుల ఫైళ్ళతో కృత్రిమ మేధకు శిక్షణ ఇస్తారేమో అని కళాకారులు, రచయితలు అభ్యంతరం చెప్పినారు. అట్టి ఉద్దేశం లేదని చెప్పి, సంస్థ ఆ వాక్యాన్ని తొలగించినది. చదువుకొన్నవారు నిబంధన చదివి నిలదీయగలిగినారు. కొండమీది అమ్మమ్మ పక్షాన చదివేదెవరు? ఆ ఊరి బడిపంతులు గాక!

అందుచేత ఉపాధ్యాయ మిత్రులకూ, విద్యార్థులకూ నా మనవి యిది. మీ ఊరి పాటను, కథను, సామెతను తప్పక పట్టండి. పట్టేముందు పాడేవారి అనుమతి అడగండి. ఎందుకు పడుతున్నారో, ఎవరికి పంపుతారో వారి భాషలో చెప్పండి. ఫైలు పేరులోనే పాడినవారి పేరు, ఊరు, భాష, తేదీ చేర్చండి. పాట మొదట వారి నోటనే వారి పేరు చెప్పించండి. ఫైలు పేరు ఎవరైనా మార్చగలరు. స్వరంలో కలిసిన పేరును తీసివేయాలంటే పనిగట్టుకొని కోయవలసి ఉంటుంది. వారు వద్దన్నది పంచకండి. దేవతల పాటలు కొన్ని ఆ గడప దాటరాదని వారు తలిస్తే, ఆ గడపను మనమూ మన్నించవలెను.

మొన్న వేసవిలో ఆ విద్యార్థితో వాళ్ళ ఊరు వెళ్ళినాను. అమ్మమ్మగారి సమ్మతితో అదే పాటను మరల పట్టినాము. ముందుగా తన పేరు చెప్పమంటే ఆమె సిగ్గుపడి నవ్వి, తన పేరూ, ఊరి పేరూ, పాట నేర్పిన తన తల్లి పేరూ చెప్పినది. ఆ మూడు పేర్లతో ఆ పాట ఇప్పుడు కొండదారిన ఫోను నుండి ఫోనుకు నడుస్తున్నది.