పీఎంపీ: పరీక్ష కంటే ముందున్న గడప

అత్తాపూర్‌లో పిల్లర్ నంబర్లే అడ్రసులు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల ఈ ఎక్స్‌ప్రెస్‌వే 2009లో మొదలైంది. ఇంత పెద్ద పనిలో చెమటోడ్చేది ఎందరో, ‘ప్రాజెక్టు నడిపారు’ అని కాగితం మీద కనిపించేది కొందరే. పీఎంపీ సర్టిఫికెట్ అడిగేది సరిగ్గా ఆ కాగితాన్నే.

అమెరికాకు చెందిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ 1984 నుంచి ఈ పరీక్ష పెడుతోంది. నాలుగేళ్ల డిగ్రీ ఉంటే 36 నెలలు, ఇంటర్‌తో ఆగితే 60 నెలలు ప్రాజెక్టులు నడిపి ఉండాలి. 35 గంటల శిక్షణ డబ్బు కడితే దొరుకుతుంది. నడిపే అవకాశం అలా దొరకదు. ప్రైవేటులో రిజర్వేషన్ లేదు, రోస్టర్ లేదు, ఎవరికి లీడ్ ఇవ్వాలన్నది మేనేజర్ ఇష్టం. ఇంటిపేరు, ఊరు ఆరా తీసే ఆఫీసుల్లో ఆ ఇష్టం ఎటు మొగ్గుతుందో మనకు తెలియనిది కాదు. పైగా దరఖాస్తు ఆడిట్‌కు ఎంపికైతే, ఆ అనుభవం నిజమేనని పైఅధికారో, ఆ పని తెలిసినవారో సంతకం పెట్టాలి.

ఒక్క వెసులుబాటు ఉంది. లెక్కలోకి వచ్చేది హోదా కాదు, చేసిన పని. మేనేజర్ అనే పేరు లేకున్నా షెడ్యూలు వేసి, టీమును నడిపితే చూపించుకోవచ్చు. అందుకే తేదీలు, బాధ్యతలు ఎప్పటికప్పుడు రాసిపెట్టుకోండి. కంపెనీ మారేముందే, రేపు సంతకం పెట్టేదెవరో మాట్లాడుకోండి.

విద్యార్థులకు సీఏపీఎం ఉంది. దానికి అనుభవం అక్కర్లేదు, 23 గంటల శిక్షణ చాలు. అది చేతిలో ఉంటే పీఎంపీకి ఆ 35 గంటలు వేరే చూపనక్కర్లేదు. ఫీజులు మాత్రం తప్పవు. వాటికి ఎస్సీ కార్పొరేషన్‌ను సాయం అడగడంలో తప్పేమీ లేదు.