సరిహద్దు నగరం బరంపురం

బరంపురం 1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో పెద్ద పట్టణం. తెలుగువారూ ఒడియావారూ కలిసి బతికిన ఊరు కనుక, భాషను బట్టి రాష్ట్రాలు కావాలన్న కోరిక బలపడ్డాక ఇది ఎవరిదన్న తగవు తప్పలేదు. 1931లో ఓడొన్నెల్ అధ్యక్షతన సరిహద్దు కమిటీ వేశారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం అటు వెళ్ళింది. పాతిక కిలోమీటర్ల దూరంలోని ఇచ్ఛాపురం మద్రాసులో ఉండిపోయి, 1950లో ఏర్పడిన శ్రీకాకుళం జిల్లాలో చేరింది.

ఐరోపాలో ఫ్రాన్స్, జర్మనీల నడుమ ఉన్న స్ట్రాస్‌బర్గ్ 1871 నుంచి 1944 లోపు నాలుగుసార్లు చేతులు మారింది, ప్రతిసారీ యుద్ధంతోనే. బరంపురం మారింది ఒక్కసారి, అదీ కాగితం మీద. అయినా చదువు, కొలువు, కోర్టు వ్యవహారం ఏ భాషలో సాగాలన్న చిక్కు ఇక్కడి తెలుగు కుటుంబాలకూ ఎదురైంది.

ఊరిని అర్థం చేసుకోవాలంటే ముందు నేతవారి వీధులకు వెళ్ళాలి. ఇక్కడి దేరాలు తెలుగునాటి నుంచి వలస వచ్చిన పట్టు నేతగాళ్ళు. అంచున గుడి గోపురాల వంటి కుంభాల వరుస బరంపురం పట్టుకు గుర్తు. దీనికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఊరి దేవత బుఢీ ఠాకురాణీకి పుట్టిల్లు ఈ దేరా వీధే. రెండేళ్ళకోసారి చైత్రంలో దేరాల కులపెద్ద దేశిబెహెరా దంపతులు గుడికి వెళ్ళి, ఆడపడుచును పిలిచినట్టు అమ్మవారిని పిలిచి తెస్తారు. ఆమె పుట్టింట ఉన్నన్నాళ్ళూ ఘటాల ఊరేగింపులు, మొక్కుబడి వేషాలు, పులివేషాలతో వీధులు నిండిపోతాయి. వలస వచ్చిన నేతగాళ్ళను ఒక ఒడియా నగరం తన దేవతకు పుట్టింటివారిగా నిలబెట్టింది. బరంపురంలో చూడవలసిన వాటిలో ఇంతకు మించినది లేదు.

రాష్ట్రపతి వి.వి.గిరి 1894లో పుట్టింది ఈ ఊళ్ళోనే. ఇక్కడి ఖళ్ళికోట కాలేజీలో చదివి డబ్లిన్ వెళ్ళారు. ‘అతడు–ఆమె’ నవల రాసిన ఉప్పల లక్ష్మణరావుదీ ఈ ఊరే. తెలుగు సాహిత్య చరిత్ర చదివేవారు బరంపురాన్ని పొరుగూరిగా చూడడం అన్యాయం.

సముద్రం దగ్గరే. పదహారు కిలోమీటర్ల దూరంలోని గోపాల్‌పూర్ రేవులో ఒకప్పుడు కూలీలు రంగూన్ ఓడలెక్కేవారు. మార్కండి వంటి తీర గ్రామాల మత్స్యకారులను స్థానికంగా నోలియాలంటారు. వారి ఇళ్ళలో మాట తెలుగు, బడిలోనూ బజారులోనూ ఒడియా. లోపలి వైపు వెళితే, ఋషికుల్య ఒడ్డున జౌగడలో అశోకుడి శాసనాలున్న బండ కనిపిస్తుంది. కళింగ ప్రజలను బిడ్డల్లా చూడమని అధికారులకు చెప్పిన ప్రత్యేక శాసనాలు ధౌలితో పాటు ఇక్కడా చెక్కించాడు.

హౌరా–చెన్నై రైలు మార్గంలోనే ఉంది కనుక బరంపురం చేరడం తేలిక. పట్టుచీరతో పాటు ఇక్కడి అప్పడాలు, పచ్చళ్ళు కొనుక్కోవడం మరవద్దు. కుదిరితే ఠాకురాణీ యాత్ర జరిగే ఏడాది చూసుకుని, చైత్రంలోనే వెళ్ళండి.