జైలు కాదు, బడి

"మా పిల్లోణ్ణి జైల్లో వేస్తారా సారూ?" కలికిరిలో మా చిన్న సంస్థ గడప తొక్కే తల్లులు మొదట అడిగేది ఇదే. వెయ్యరమ్మా, అంటాను. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని లాకప్పులోగానీ జైల్లోగానీ పెట్టకూడదని 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం గట్టిగా చెప్తోంది. కేసు చూసేది బోర్డు: ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు, వాళ్లలో కనీసం ఒక మహిళ. పదహారు దాటినవాళ్లు ఘోర నేరం చేస్తే లెక్క వేరు. మిగతావాళ్లను తప్పు తేలినా మందలించి ఇంటికి పంపొచ్చు, సమాజ సేవ చేయించొచ్చు, ప్రొబేషన్ మీద వదలొచ్చు.

వదిలాక ఎవరు చూసుకోవాలి? అక్కడే మా పని. మదనపల్లె టమోటా మార్కెట్లో క్రేట్లు మోసే పిల్లాడొకడు సెల్‌ఫోన్ దొంగిలించాడు. వాడింటికి పోయి అమ్మ పక్కన కూర్చుంటే తెలిసింది, ఏడో తరగతిలోనే బడి మానేశాడని. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి ఫీజు కట్టాం. లెక్కలంటే ఇప్పటికీ భయమే వాడికి. సాయంత్రాలు దగ్గర కూర్చోబెట్టి నేనే చెప్తున్నాను. వాడి పేరు మాత్రం అడక్కండి. బయటపెట్టడం 74వ సెక్షన్ ప్రకారం నేరం, పైగా వాడు రేపు ఇదే ఊళ్లో బతకాలి.